పంపిన రిలీజు పేపర్లో ఎందుకు పడట్లేదు? బెంగళూరులో పీఆర్ పనికి కొత్తవాళ్లకి

మీరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. అనంతపురంలో డిగ్రీ చేసి, బెంగళూరులో ఒక పీఆర్ ఏజెన్సీలో (కంపెనీల తరఫున పత్రికలతో మాట్లాడే సంస్థలో) అకౌంట్ ఎగ్జిక్యూటివ్‌గా చేరి మూడు నెలలైంది. క్లయింట్ల గురించి రాసిన ప్రతి ప్రెస్ రిలీజూ (పత్రికా ప్రకటన) 150 మంది విలేకరులకి మెయిల్ చేస్తున్నారు, ఏవో రెండు వెబ్‌సైట్లలో తప్ప ఎక్కడా పడట్లేదు. కన్నడ మాట్లాడతారు గానీ చదవడం రాదు. వచ్చే నెల ప్రెస్‌మీట్ పెట్టాలి. క్లయింటు మీద చెడ్డ వార్త వస్తే ఏం చెయ్యాలో ఆఫీసులో ఎవరూ చెప్పలేదు.

ముందు ఆ 150 దగ్గరే మొదలుపెడదాం. మిగతా ఇబ్బందుల్లో సగం అక్కణ్నించే పుడుతున్నాయి.

బిజినెస్ వార్తలు చూసే రిపోర్టరుకి రోజూ పదుల కొద్దీ రిలీజులు వస్తాయి. పంపినవాళ్ల పేరు, సబ్జెక్ట్ లైను చూసి తెరవాలా వద్దా అని రెండు సెకన్లలో తేల్చుకుంటారు. మీ పేరుతో ఒకటికి రెండుసార్లు తన బీటుకి, అంటే తను రాసే రంగానికి, సంబంధం లేని మెయిల్ వస్తే మూడోది తెరవరు. ఆ మూడోది నిజంగా మంచి వార్తైనా సరే. కాబట్టి 150 మందికి పంపడం వల్ల నష్టం లేదనుకోకండి. అందులో 130 మంది దగ్గర మీ పేరు చెడుతోంది.

మీ లిస్టుని ఈ వారమే తిరగరాయండి. ఎక్సెల్‌లో పేరు, సంస్థ, భాష, బీటు, ఫోను, వారపు సెలవు, ఫోన్ ఇష్టమా వాట్సాపా, చివరగా రాసిన మూడు వార్తలు ఏవి అనే కాలమ్‌లు పెట్టండి. చివరి కాలమ్ నింపాలంటే వాళ్లు రాసింది చదవాలి, తప్పదు. ఒక్కో క్లయింటుకి 20 నుంచి 25 పేర్లు మిగులుతాయి. అంతే చాలు. రిపోర్టర్ల బీట్లు మారుతుంటాయి, సంస్థలూ మారతారు. అందుకే నెలకోసారి మొత్తం లిస్టుని సరిచూడండి. చేరక వెనక్కొచ్చిన (బౌన్సైన) మెయిల్ ఐడీని అదే రోజు తీసేయండి.

పేపరు రోజు ఎలా నడుస్తుందో తెలిస్తే ఎప్పుడు పంపాలో ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున పది, పదకొండు మధ్య బ్యూరోలో ఆ రోజు ఎవరేం రాస్తారో మాట్లాడుకుంటారు. మధ్యాహ్నం ఫీల్డులో ఉంటారు. మూడు, నాలుగు గంటలకల్లా రిపోర్టర్లు తమ వార్తల జాబితా డెస్కుకి, అంటే వార్తలు దిద్ది పేజీలు పెట్టేవాళ్లకి, ఇస్తారు. ఆ జాబితాలో లేని వార్తకి పేజీలో చోటు దొరకడం కష్టం. సాయంత్రం ఐదు తర్వాత వాళ్లు రాస్తుంటారు, అప్పుడు ఫోన్ చేస్తే విసుక్కోవడం న్యాయమే. జిల్లా, జోన్ పేజీలు మెయిన్ ఎడిషన్ కంటే ముందే ముగుస్తాయి. అందుకని మెయిల్ పదిన్నరలోపు వెళ్లాలి, ఫాలోఅప్ కాల్ పదకొండున్నర, ఒంటిగంట మధ్య ఒక్కసారే చెయ్యాలి. ఆ కాల్‌లో ‘సార్, మెయిల్ చూశారా’ అని అడగకండి. ‘కోలారు టమాటా రైతులకి సంబంధించిన వార్త ఒకటి పంపాను, గిడ్డంగి దగ్గర రైతులతో మాట్లాడే ఏర్పాటు చెయ్యగలను’ అని చెప్పండి. అవతలివాళ్లకి కొత్తగా ఏదో ఇవ్వడానికే ఆ కాల్.

టమాటా మాట వచ్చింది కాబట్టి ఆ ఉదాహరణతోనే రిలీజు సంగతి చూద్దాం. మీ క్లయింటు కోలారు రోడ్డులో 40 కోట్లతో 5,000 టన్నుల శీతల గిడ్డంగి కట్టిందనుకుందాం. సాధారణంగా ఏజెన్సీల నుంచి వెళ్లే మొదటి వాక్యం ఇలా ఉంటుంది: ‘వ్యవసాయ సరఫరా రంగంలో అగ్రగామిగా నిలిచిన ఫలానా సంస్థ, వినూత్న సాంకేతికతతో రూపొందించిన తన అత్యాధునిక శీతల గిడ్డంగిని ఘనంగా ప్రారంభించినట్లు ప్రకటించడానికి సంతోషిస్తోంది.’ ఇందులో వార్త లేదు. సబ్ ఎడిటర్ దీన్నంతా కొట్టేసి కింద ఎక్కడో ఉన్న అంకెలు వెతుక్కోవాలి. అంత తీరిక ఎవరికీ ఉండదు, పక్కన పెట్టేస్తారు.

అదే ఇలా రాయండి: ‘బెంగళూరు, మార్చి 12: కోలారు సమీపంలో 5,000 టన్నుల టమాటా నిల్వ చేసే శీతల గిడ్డంగి గురువారం మొదలైంది. ధర పడిపోయినప్పుడు రైతులు సరుకుని రెండు వారాల దాకా ఇక్కడ ఉంచుకోవచ్చు. 15 కిలోల బాక్సుకి రోజుకి ఇంత అద్దె.’ ఎక్కడ, ఎంత, ఎవరికి ఉపయోగం, ఖర్చెంత అన్నీ మూడు వాక్యాల్లో వచ్చేశాయి. కంపెనీ పేరు రెండో పేరాలో వస్తే క్లయింటు గొడవ పెడతారు. మొదటి పేరాలో చివరి వాక్యంగా పెట్టి ఒప్పించండి, అంతకంటే పైకి జరపకండి.

తెలుగు రిలీజు 180 నుంచి 250 పదాల్లో, ఇంగ్లీషుది 300, 350 పదాల్లో ముగియాలి. హెడ్డింగు ఎనిమిది పదాలు దాటకూడదు. కొటేషన్ ఒక్కటి చాలు, అదీ మనిషి మాట్లాడినట్టు ఉండాలి. ‘ఈ మైలురాయి మాకు ఎంతో గర్వకారణం’ అనే కొటేషన్ని ఏ డెస్కూ వాడదు. ‘గత వేసవిలో రోడ్డు మీద పారబోసిన టమాటా చూసి ఈ పని మొదలుపెట్టాం’ అంటే వాడతారు. అయితే ఆ మాట క్లయింటు నిజంగా అన్నదై ఉండాలి. మీరే కల్పించి రాసి సంతకం పెట్టించే అలవాటు మొదట్లోనే మానుకోండి. రిపోర్టరు ఫోన్ చేసి అదే మాట అడిగితే ఆయన తడబడతారు. చివర కంపెనీ గురించి 50 పదాలు, ఫోన్ ఎత్తే మనిషి నంబరు ఇవ్వండి. నంబరు మీదే అయితే సాయంత్రం ఏడు దాకా సైలెంట్‌లో పెట్టకండి.

పంపే ముందు ప్రతి అంకెకీ ఆధారం ఎక్కడుందో ఒక కాగితం మీద రాసుకోండి. 5,000 టన్నులు అన్నది ఇంజినీరు చెప్పారా, మార్కెటింగ్ వాళ్లు చెప్పారా? ఇప్పుడు పనిచేస్తున్న గదుల సామర్థ్యమా, మొత్తం కట్టడం పూర్తయ్యాకా? ఇలాంటివి రిపోర్టరు అడిగే లోపే మీరు అడిగేయాలి. తప్పు అంకె అచ్చైతే సవరణ వేయించుకోవడం మహా కష్టం. పైగా ఆ తప్పు తన పేరు మీద పడిందని ఆ రిపోర్టరు చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు.

ఇప్పుడు భాష. బెంగళూరులో తెలుగువాళ్లు ఎక్కువ పొరపాట్లు చేసేది ఇక్కడే, ఎక్కువ లాభపడగలిగేదీ ఇక్కడే. ఒకే రిలీజుని మూడు భాషల్లోకి అనువదించి పంపితే అది మూడు రిలీజులు కాదు. ఇంగ్లీషు బిజినెస్ పేజీకి 40 కోట్ల పెట్టుబడి, ఎవరు పెట్టారు, ఎన్నాళ్లకి తిరిగొస్తుంది అన్నది ముఖ్యం. ప్రజావాణి, విజయ కర్ణాటక, విజయవాణి, ఉదయవాణి లాంటి కన్నడ పత్రికలకి కోలారు, చింతామణి, శ్రీనివాసపుర రైతులకేంటి, స్థానికులకి ఎన్ని ఉద్యోగాలన్నది ముఖ్యం. బెంగళూరు నుంచి వచ్చే తెలుగు పేజీలకి మదనపల్లె, పలమనేరు రైతులు సరిహద్దు దాటి సరుకు తెచ్చి ఇక్కడ పెట్టుకోవచ్చా అన్నదే వార్త. కోలారు మార్కెట్లో ధర 15 కిలోల బాక్సు లెక్కన చెప్పుకుంటారు. తెలుగు పాఠకుడికి కిలో లెక్కన చెప్తే వెంటనే అర్థమవుతుంది. కాబట్టి తెలుగు రిలీజులో రెండూ ఇవ్వండి. మిలియన్లు, బిలియన్లు కన్నడ, తెలుగు రెండిట్లోనూ వద్దు. లక్షలు, కోట్లలోకి మీరే మార్చి పంపండి. డెస్కులో ఎవరో హడావుడిగా మారిస్తే సున్నాలు తారుమారవుతాయి.

కన్నడ, తెలుగు దగ్గరి భాషలు కదా అని తెలుగు కాపీని ముందు పెట్టుకుని కన్నడలోకి దింపకండి. లిపి కలుస్తుంది, మాటలూ కలుస్తాయి, అర్థాలు మాత్రం మోసం చేస్తాయి. కన్నడలో ‘ఉద్యమ’ అంటే పరిశ్రమ, వ్యాపారం. ‘ఉద్యమి’ అంటే పారిశ్రామికవేత్త. తెలుగులో ఉద్యమం అంటే ఆందోళన. కన్నడ రిలీజు నుంచి తెలుగు చేసేటప్పుడు దీన్ని అలాగే ఉంచేస్తే మీ క్లయింటు ఎండీ గారు ఉద్యమకారుడైపోతారు. ‘అవసర’ కన్నడలో తొందర, మనకి అవసరం అంటే కావలసినది. ఇంకొకటి సబ్జెక్ట్ లైనులోనే దొర్లుతుంది. కన్నడలో యాడ్‌ని ‘జాహీరాతు’ అంటారు, కాబట్టి ‘ప్రకటణె’ అంటే తికమక లేదు. తెలుగులో ‘ప్రకటన’ అంటే యాడ్ కూడా. ఒట్టి ‘ప్రకటన’ అని సబ్జెక్ట్ పెట్టి తెలుగు పత్రికకి పంపితే అది యాడ్స్ విభాగానికి ఫార్వర్డ్ అయిపోతుంది. ‘పత్రికా ప్రకటన’ అని పూర్తిగా రాయండి, పక్కనే వార్తేంటో ఐదారు మాటల్లో చెప్పండి. కన్నడ కాపీని కన్నడ పత్రికా భాష తెలిసినవాళ్ల చేతే రాయించండి. యంత్రానువాదం పంపితే డెస్కులో మొదటి వాక్యానికే పసిగడతారు. ఈ ఊళ్లో దాన్ని నిర్లక్ష్యం కింద లెక్కేస్తారు, ఆ కోపంలో తప్పులేదు.

పేర్ల స్పెల్లింగు ఇంగ్లీషులో మాత్రమే ఇచ్చి వదిలేయకండి. ఇంగ్లీషు అక్షరాల్లో ‘కోట’కీ ‘కోటా’కీ తేడా తెలీదు, ‘లత’ని ‘లాథా’ అని రాసే ప్రమాదమూ ఉంది. మాట్లాడేవాళ్ల పేరు, హోదా మూడు లిపుల్లో వాళ్లకే చూపించి ఖాయం చేసుకోండి.

పంపే తీరు గురించి రెండు మాటలు. మేటర్ మెయిల్ బాడీలోనే యూనికోడ్‌లో ఉండాలి. పీడీఎఫ్ నుంచి తెలుగు, కన్నడ కాపీ చేస్తే ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. అను, నుడి లాంటి పాత ఫాంట్లలో టైపు చేసిన ఫైలు అవతల ఆ ఫాంటు లేకపోతే పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. ఎవరైనా ప్రత్యేకంగా అను కావాలంటే విడిగా ఇవ్వండి. ఫొటోలు రెండో మూడో చాలు, వెడల్పు 2,000 పిక్సెళ్లకి తగ్గకుండా, ఒక్కోటి ఒకటి నుంచి మూడు ఎంబీ మధ్య ఉండాలి. లోగో వాటర్‌మార్కు వెయ్యకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోయి అచ్చుకి పనికిరాదు, డాక్యుమెంట్‌గా పంపాలి. క్యాప్షన్‌లో ‘ఎడమ నుంచి’ అని మొదలుపెట్టి అందరి పేర్లూ ఇవ్వండి. రిబ్బన్ కటింగు ఫొటో కంటే గిడ్డంగిలో బాక్సులు మోస్తున్న రైతు ఫొటో వేసుకునే అవకాశం చాలా ఎక్కువ.

ఎక్స్‌క్లూజివ్, ఎంబార్గో అనే రెండు మాటలు తేలిగ్గా వాడకండి. ఎక్స్‌క్లూజివ్ అంటే ఒక్కరికే. ఇద్దరికి ఇచ్చి ఇద్దరికీ ఎక్స్‌క్లూజివ్ అని చెప్తే మర్నాడు పొద్దున్నే ఇద్దరూ మీకు దూరమవుతారు. ఒకే పత్రికలో ఇద్దరు రిపోర్టర్లకి విడివిడిగా పంపినా అదే గొడవ, లోపల వాళ్లిద్దరి మధ్య తగువు పెట్టినట్టవుతుంది. ఎంబార్గో అంటే వార్త ముందే ఇచ్చి ఫలానా టైము దాకా వెయ్యొద్దని చెప్పడం. అది అవతలివాళ్లు ఒప్పుకున్నాకే వర్తిస్తుంది. అడగకుండా మెయిల్ పైన ‘ఎంబార్గో’ అని రాసి పంపేస్తే దానికి కట్టుబడాల్సిన పని వాళ్లకి లేదు.

క్లయింటు స్టాక్ మార్కెట్లో లిస్టైన కంపెనీ అయితే ఎంబార్గో ఆలోచనే వద్దు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల ప్రకారం ఫలితాలు, కొనుగోళ్లు, విలీనాలు లాంటివి ఇంకా బయటికి రాని, షేరు ధరని ప్రభావితం చేసే సమాచారం. అది మీ చేతికి వచ్చిన క్షణం మీరూ ఇన్‌సైడరే. కంపెనీ తన డిజిటల్ డేటాబేస్‌లో మీ పేరు, పాన్ నంబరు నమోదు చెయ్యాలి. బోర్డు మీటింగ్ నిర్ణయాన్ని కంపెనీ 30 నిమిషాల్లో ఎక్స్ఛేంజీకి తెలపాలి, ట్రేడింగ్ వేళలు ముగిశాక మీటింగ్ అయితే మూడు గంటల దాకా వెసులుబాటు ఉంది. బీఎస్ఈ, ఎన్ఎస్ఈ సైట్లలో ఆ పత్రం కనిపించాకే మీ రిలీజు కదలాలి. స్క్రీన్‌షాట్ తీసి టైముతో సహా దాచుకోండి. ప్రతి త్రైమాసికం ముగిసిన దగ్గర్నించి ఫలితాలొచ్చిన 48 గంటల దాకా ట్రేడింగ్ విండో మూసి ఉంటుంది, అంటే లోపలి సమాచారం తెలిసినవాళ్లు షేర్లు కొనకూడదు, అమ్మకూడదు. ఆ కంపెనీ షేర్లు మీరు ముట్టుకోవద్దు, ఇంట్లోవాళ్లకీ చూచాయగా కూడా చెప్పొద్దు. ఇది మర్యాదకి చెప్పే సలహా కాదు, చట్టం.

ఆస్పత్రుల క్లయింటు ఉంటే రోగి ఫొటోకి రాతపూర్వక అనుమతి లేకుండా అడుగు వెయ్యకండి. మధుమేహం, క్యాన్సర్ లాంటివి నయం చేస్తామనే మాటలు 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందికి వస్తాయి. ఇన్‌ఫ్లుయెన్సర్లకి డబ్బిచ్చి పోస్టు పెట్టిస్తే అది యాడ్ అని చూసేవాళ్లకి స్పష్టంగా తెలియాలి. ఏఎస్‌సీఐ అనే యాడ్ రంగం స్వీయ నియంత్రణ సంస్థ 2021లోనే మార్గదర్శకాలిచ్చింది.

ప్రెస్‌మీట్ సంగతికి వద్దాం. ముందు అసలు అవసరమా అని అడగండి. చూపించడానికి ఏమీ లేకుండా, అడగడానికి ప్రశ్నలు లేకుండా నలుగురు వేదిక మీద కూర్చుని రిలీజు చదివేదానికి మీట్ ఎందుకు? నలుగురు రిపోర్టర్లని గిడ్డంగికి తీసుకెళ్లి చూపిస్తే వచ్చే వార్త అంతకంటే మెరుగ్గా ఉంటుంది. పెట్టి తీరాలంటే తేదీ చూసుకోండి. శాసనసభ సమావేశాల రోజులు, ఫిబ్రవరి 1 కేంద్ర బడ్జెట్, నవంబరు 1 రాజ్యోత్సవ, ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరిగే వారం వద్దు. చోటు ఊరి మధ్యలో ఉండాలి: కబ్బన్ పార్కులోని ప్రెస్‌క్లబ్, ఎంజీ రోడ్డు, రేస్‌కోర్స్ రోడ్డు చుట్టుపక్కల హోటళ్లు. క్లయింటు ఆఫీసు వైట్‌ఫీల్డులోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఉందని అక్కడ పెడితే రానుపోను వాళ్ల పూట మొత్తం రోడ్డు మీదే గడిచిపోతుంది. పదకొండింటికి పిలవండి, పదకొండుంబావుకి మొదలుపెట్టండి, 40 నిమిషాల్లో ముగించండి. అందులో 15 నిమిషాలు మాటలు, 25 నిమిషాలు ప్రశ్నలు. వేదిక మీద ముగ్గురు దాటకూడదు. శాలువాలు, జ్యోతి ప్రజ్వలన వేరే రోజు పెట్టుకోమనండి.

ఆహ్వానం వారం ముందు, గుర్తుచేసే మెసేజ్ ముందురోజు మధ్యాహ్నం, ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి లొకేషన్‌తో ఇంకోటి పంపండి. 40 మందిని పిలిస్తే 15, 20 మంది వస్తారని లెక్కేసుకోండి. కుర్చీలు 20 వేసి పది పక్కన పెట్టుకోండి, 60 వేస్తే ఖాళీ కుర్చీలే ఫొటోలో పడతాయి. టీవీవాళ్లకి వెనక అడుగు ఎత్తు ప్లాట్‌ఫాం వెయ్యండి, మైకు సౌండు అందరికీ ఒకేసారి అందే ఆడియో స్ప్లిటర్ బాక్సు ఉండాలి. అది లేకపోతే బల్ల మీద పన్నెండు మైకులు పేరుకుని మాట్లాడే మనిషి ముఖమే కనపడదు. బ్యాక్‌డ్రాప్ మెరవని గుడ్డది చేయించండి, ఫ్లెక్స్ మీద లైటు పడితే తెల్లటి మచ్చ వస్తుంది. లోగో చిన్నగా, పదేపదే ఉండాలి. ఒక్కటే పెద్దది మధ్యలో పెడితే క్లోజప్‌లో సగం అక్షరాలు తల వెనక దాక్కుంటాయి. టీవీకి ఇచ్చే మాట (బైట్) 20 సెకన్లలో ముగిసేలా, కన్నడలో ఒకటి, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి ముందురోజే కెమెరా పెట్టి సాధన చేయించండి. కన్నడలో మాట్లాడేవాళ్లు వేదిక మీద కనీసం ఒక్కరైనా ఉండి తీరాలి.

కవర్లలో డబ్బు పెట్టమని కొందరు క్లయింట్లు అడుగుతారు. ఒప్పుకోకండి. మీ మేనేజరు చెప్పినా ఒప్పుకోకండి. ఆ రోజు వార్త పడొచ్చు గానీ, డబ్బుతో కొన్న వార్తకి విలువ ఉండదని కవరు తీసుకున్నవాడికే ముందు తెలుస్తుంది. నిజాయతీగా పనిచేసే రిపోర్టరు చేతికి ఆ కవరు వెళ్తే మీ మీద, క్లయింటు మీద తలుపు శాశ్వతంగా మూసుకుంటుంది.

ఇక చెడ్డ వార్త. మీరు భయపడుతున్నది దీనికే, భయం సబబే, ఎందుకంటే దీనికి సిద్ధపడాల్సింది ఏమీ జరగనప్పుడే. అదే గిడ్డంగిలో ఒక ఉదయం అమ్మోనియా లీకైందనుకోండి. పెద్ద శీతల గిడ్డంగుల్లో చల్లబరచడానికి అమ్మోనియా వాడతారు కాబట్టి ఇది ఊహకి అందని సంగతేం కాదు. చుట్టుపక్కల ఊరివాళ్ల ఫోన్ వీడియో 15 నిమిషాల్లో గ్రూపుల్లోకి వచ్చేస్తుంది. గంటలోపు కంపెనీ మాట బయటికి రాకపోతే ఆ ఖాళీని పుకార్లు నింపుతాయి. ఆ మొదటి ప్రకటన ఇలా ఉండాలి:

‘ఈ రోజు ఉదయం 6.40కి మా గిడ్డంగిలోని శీతలీకరణ విభాగంలో అమ్మోనియా లీకైంది. సిబ్బందిని బయటికి తీసుకొచ్చాం. అస్వస్థతకు గురైనవారిని ఆస్పత్రికి తరలించాం, వారి కుటుంబాలతో మాట్లాడుతున్నాం. వారికి కలిగిన బాధకు చింతిస్తున్నాం. అగ్నిమాపక, పోలీసు సిబ్బంది ఇక్కడే ఉన్నారు, వారికి సహకరిస్తున్నాం. కారణం ఇంకా తేలలేదు. మళ్లీ 9.30కి సమాచారం ఇస్తాం.’

దీన్ని వాక్యం వాక్యంగా చూడండి. ‘సిబ్బందిని’ అని ఉంది, ‘సిబ్బంది అందరినీ’ అని లేదు. హెచ్‌ఆర్ దగ్గరుండే జాబితాలో కాంట్రాక్టు కూలీల పేర్లు ఉండవు. అవి కాంట్రాక్టరు దగ్గరో, గేటు రిజిస్టరులోనో ఉంటాయి. రాత్రి షిఫ్టు దిగి పగటి షిఫ్టు ఎక్కే వేళైతే లోపల ఎంతమంది ఉన్నారో వెంటనే ఎవరికీ తెలియదు. గేటు రిజిస్టరుతో తలలు లెక్కపెట్టి సరిపోయిందని గిడ్డంగి మేనేజరు చెప్పాకే ‘అందరినీ’ అనే మాట చేర్చాలి. అస్వస్థుల సంఖ్య, మృతుల సంఖ్య పోలీసులో ఆస్పత్రో చెప్పాలి, మీరు కాదు. పేర్లు కుటుంబానికి తెలిసేదాకా బయటికి రాకూడదు. ‘చింతిస్తున్నాం’ అనే వాక్యాన్ని లాయరు కొట్టేయబోతారు. మనిషి బాధకి చింతించడం వేరు, తప్పు ఒప్పుకోవడం వేరని ఓపిగ్గా చెప్పి ఆ ఒక్క వాక్యం కోసం పట్టుబట్టండి. ‘కారణం తేలలేదు’ అన్నాక ఎవరెంత గుచ్చి అడిగినా ఊహలు చెప్పొద్దు. ఇక 9.30 అన్నారంటే కొత్త సంగతి లేకపోయినా 9.30కి మాట్లాడాలి.

ముందు కన్నడ ప్రకటన వెళ్లాలి. వెంటనే ఇంగ్లీషు, తెలుగు. ఈ నమూనాల్ని ఇప్పుడే, మామూలు రోజుల్లోనే, టైము దగ్గర ఖాళీలు వదిలి మూడు భాషల్లో రాయించి క్లయింటు ఎండీ, లాయరు చేత ఆమోదించి పెట్టుకోండి. మాట్లాడే మనిషి ఒక్కరే, ఆయన లేకపోతే ఎవరో కూడా ముందే తేలిపోవాలి. చాలామంది గేటు సంగతి మర్చిపోతారు. కెమెరా మొదట చేరేది గేటు దగ్గరికి. అక్కడ సెక్యూరిటీ గార్డు కంగారులో లెన్సు మీద చెయ్యి అడ్డం పెడతాడు. ఆ రోజంతా టీవీలో తిరిగేది ఆ అరచేతి బొమ్మే. పాపం అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. గార్డుకి, రిసెప్షన్‌కి, కాల్ సెంటరుకి మూడు వాక్యాలు కన్నడలో అట్ట మీద రాసివ్వండి: ‘నమస్కారం. దయచేసి ఇక్కడ, ఈ నీడలో ఉండండి. మా ప్రతినిధి వచ్చి మాట్లాడతారు, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి.’ విలేకరులు నిలబడే చోటు, తాగడానికి నీళ్లు ఏర్పాటు చెయ్యండి. పనిచేసేవాళ్లకి కంపెనీ నుంచే మెసేజ్ వెళ్లాలి, టీవీలో చూసి తెలుసుకునే పరిస్థితి రానివ్వకండి.

పీఆర్ చరిత్రలో మొదటి ప్రెస్ రిలీజుగా చెప్పుకునేది కూడా ఇలాంటిదే. 1906 అక్టోబరులో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు ప్రమాదం జరిగినప్పుడు ఆ రైల్వే కంపెనీకి పీఆర్ పని చేస్తున్న ఐవీ లీ, కంపెనీని వివరాలు దాచనివ్వకుండా రాసి పంచిందది. మన దేశంలో 2015 నాటి మ్యాగీ నూడుల్స్ వ్యవహారం చదవండి. ఉత్తరప్రదేశ్‌లో చేసిన ల్యాబ్ పరీక్షల మీద వార్తలు వారాల తరబడి పెరుగుతూ వచ్చాయి, జూన్ 5న సరుకు వెనక్కి తీసుకుంటున్నట్టు కంపెనీ ప్రకటించింది, అదే రోజు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నిషేధ ఆదేశం వచ్చింది. ఆగస్టు 13న బాంబే హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. అయినా సరుకు మళ్లీ దుకాణాలకి వచ్చింది నవంబరులోనే. ల్యాబ్ రిపోర్టు కోర్టులో గెలిపిస్తుంది. ఇంట్లో పిల్లాడికి పెట్టొచ్చా అని అడిగే తల్లికి మాత్రం మొదటి రోజునే జవాబు కావాలి.

క్లయింటు ‘ఎన్ని పేపర్లలో వేయిస్తారు’ అని అడిగితే అంకె చెప్పకండి. అచ్చు వేసే నిర్ణయం మీ చేతిలో లేదు, లేనిదాన్ని అమ్మితే నెలాఖరుకి మీరే చిక్కుతారు. ఎవరెవరికి ఏ కోణంతో ఇస్తారో, ఎన్ని ఇంటర్వ్యూలకి ప్రయత్నిస్తారో రాసివ్వండి. నెల రిపోర్టులో క్లిప్పింగు సైజుని యాడ్ రేటుతో గుణించి ‘ఇన్ని లక్షల విలువ’ అని చూపించే పద్ధతి ఇంకా ఉంది. పీఆర్ ఫలితాల్ని ఎలా కొలవాలో చెప్పే 2010 నాటి బార్సిలోనా సూత్రాలే అది పనికిరాదని తేల్చాయి. దాని బదులు ప్రతి క్లిప్పింగుకీ నాలుగు సంగతులు రాయండి: చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట వచ్చిందా, పేరు, అంకెలు సరిగ్గా పడ్డాయా, ఎవరు చదివే పేజీ, ఆ తర్వాత గిడ్డంగికి ఎన్ని ఫోన్లు వచ్చాయి. నాలుగోది క్లయింటు దగ్గర్నించే తీసుకోవాలి, మొదటి నెలే అడిగి అలవాటు చెయ్యండి.

కన్నడ చదవడం గురించి అడిగారు. తెలుగు చదివేవాళ్లకి ఇది రెండు వారాల పని. చాలా అక్షరాలు తలకట్టు తేడాతో మనవే. క, త, శ లాంటి కొన్నిటి రూపం మాత్రం విడిగా గుర్తుపెట్టుకోవాలి. ముందు బస్సు బోర్డులు, తర్వాత పేపరు హెడ్డింగులు, ఆ తర్వాత మొదటి పేజీలో ఒక వార్త పైకి చదవండి. పొద్దున ఏడున్నరకి క్లయింట్ల వార్తల కోసం పేపర్లు తిరగేస్తారు కదా, ఆ పనిని కన్నడ పత్రికతోనే మొదలుపెట్టండి. ప్రెస్‌మీట్ నాటికి ఆహ్వానం కాపీలో తప్పు మీరే పట్టుకోగలుగుతారు.